వీలునామాలో బడికి ఒక పాలు



ప్రతి యేటా నవంబరు 2న మన పెద్దల సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి ఇంటికి తిరిగివచ్చేటప్పుడు చాలామందికి కలిగే ఆలోచన ఒకటుంది. నేను పోయాక ఈ యిల్లు, ఈ కాస్త పొలం, బ్యాంకులో వేసుకున్న డబ్బు ఏమవుతాయి? సంతానం లేనివారికి, పిల్లలు చక్కగా స్థిరపడినవారికి ఇంకొక ఆలోచన కూడా వస్తుంది. నాకు అక్షరాలు దిద్దించిన మన విచారణ బడికి కొంత రాసిపెడితే బాగుంటుంది గదా అని. ఈ వారం పాఠం దాని గురించే.

క్రైస్తవులమైన మనకు చాలాకాలం ఈ స్వేచ్ఛ పూర్తిగా లేదన్న సంగతి ఎంతమందికి తెలుసు? 1925 నాటి భారతీయ వారసత్వ చట్టంలో 118వ సెక్షను ఒకటుండేది. అన్నదమ్ముల పిల్లలు గాని, అక్కచెల్లెళ్ల పిల్లలు గాని, అంతకన్న దగ్గరి బంధువులు గాని వున్న వ్యక్తి ధర్మకార్యాలకు ఆస్తి రాయాలంటే, ఆ వీలునామా తన మరణానికి కనీసం 12 నెలల ముందు రాసి వుండాలి. రాసిన 6 నెలల లోపల ప్రభుత్వం ఏర్పరచిన చోట దాన్ని భద్రపరచాలి. లేకపోతే ఆ దానం చెల్లదు. చెల్లని దానాలకు ఉదాహరణలుగా చట్టమే ఒక పట్టిక ఇచ్చింది. అందులో అనాథల చదువు వుంది, ఆసుపత్రి వుంది, దేవాలయ నిర్మాణం వుంది, బడి కూడా వుంది. పదకొండో నెలలో కన్నుమూసిన వ్యక్తి కోరిక అతనితోబాటే సమాధిలోకి పోయేది. తన మరణం ఎప్పుడో ముందుగా తెలిసినవాడెవడు?

ఈ నిబంధన హిందువులకు, ముస్లిములకు వర్తించదు. పార్సీలను 1991లో తప్పించారు. దాని బరువు ముఖ్యంగా మన మీదనే మిగిలింది. దీని మూలం 1736లో ఇంగ్లండులో చేసిన ఒక చట్టంలో వుంది. మరణశయ్య మీద వున్నవారు వారసులను కాదని ఆస్తిని ధర్మసంస్థలకు రాసేస్తారేమోనన్న భయంతో దాన్ని చేశారు. ఇంగ్లండు 1960లో దాన్ని వదులుకున్నది. మన దేశంలో మాత్రం నిలిచిపోయింది.

కేరళకు చెందిన కతోలిక గురువు ఫాదర్ జాన్ వల్లమట్టం దీన్ని 1997లో సుప్రీంకోర్టులో సవాలు చేశారు. 2003 జూలై 21న ప్రధాన న్యాయమూర్తి వి.ఎన్.ఖరే నాయకత్వంలోని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, సమానత్వపు హక్కుకు విరుద్ధమని ఆ సెక్షనును కొట్టివేసింది. ఆ తీర్పులో ఉమ్మడి పౌరస్మృతి గురించి వచ్చిన వ్యాఖ్య మీదనే అందరూ చర్చించుకున్నారు. మన ఇళ్లకు సంబంధించిన అసలు సంగతి మరుగున పడిపోయింది. నేటికీ "మన చట్టం ఒప్పుకోదట గదా" అని అడిగే పెద్దలున్నారు. ఒప్పుకుంటుంది. నిన్న రాసి ఈ రోజు మరణించినా, సక్రమంగా రాసిన వీలునామా చెల్లుతుంది.

అయితే ఇక్కడ ఆగి ఆలోచించాలి. క్రైస్తవుడు తన స్వార్జితాన్నంతా ఎవరికైనా రాయవచ్చు. భార్యకు, బిడ్డలకు ఇంత భాగం విడిచిపెట్టి తీరాలని వారసత్వ చట్టం నిర్బంధించదు. ఆ పాత సెక్షను అన్యాయమైనదే గాని, వారసులకు అడ్డంగా నిలబడే పని ఒకటి చేసింది. ఇప్పుడు ఆ పని రాసేవారి మనస్సాక్షే చేయాలి.

మార్కు సువార్త 7వ అధ్యాయం తెరచి చూడండి. తల్లిదండ్రులకు చెందవలసినదాన్ని "కొర్బాను", అంటే దేవునికి అర్పితం, అని చెప్పి తప్పించుకునేవారిని యేసుప్రభువు గట్టిగా మందలించారు. దేవుని పేరు చెప్పి ఇంటివారి నోటి దగ్గరి కూడు తీయడం ఆయనకు ఇష్టం లేదు. పునీత అగస్టీను హిప్పో పీఠాధిపతిగా వున్న రోజుల్లో, పిల్లలకు, బంధువులకు చెందడమే న్యాయమని తోచిన ఆస్తులను శ్రీసభకు రాసినా తీసుకోలేదు. కార్తేజి పీఠాధిపతి అవురేలియుసు గురించి ఆయన తన ప్రసంగంలో మెచ్చుకుంటూ చెప్పిన ఉదంతం ఒకటుంది. సంతానం లేని ఒకాయన ఆస్తినంతా దేవాలయానికి రాసిచ్చాడు. తర్వాత అనుకోకుండా బిడ్డలు పుట్టారు. అవురేలియుసు ఆయన అడగకముందే అంతా తిరిగి ఇచ్చేశారు. అగస్టీను చెప్పిన కొలత కూడా తేలికగా అర్థమయ్యేదే. ఒక్క బిడ్డ వుంటే క్రీస్తును రెండో బిడ్డగా లెక్కపెట్టుకో, ఇద్దరుంటే మూడోవాడిగా లెక్కపెట్టుకో అన్నారు. బడికి ఒక పాలు అనడానికి ఇంతకన్న మంచి లెక్క నాకు తెలియదు.

వీలునామా లేకుండా పోతే చట్టం ఏం చేస్తుందో కూడా తెలుసుకోండి. భార్యకు మూడో వంతు, మిగిలిన రెండు వంతులు బిడ్డలకు, కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా. పెళ్లికి కట్నం ఇచ్చాం గనుక కూతురికి లేదని, ఆమె భాగాన్ని తీసి బడికి రాసేవారున్నారు. అది పుణ్యకార్యం కాదు.

ఇక రాసే పద్ధతికి వద్దాం. స్టాంపు కాగితం అక్కరలేదు, తెల్లకాగితం చాలు. మీ సంతకం గాని వేలిముద్ర గాని వుండాలి. దాన్ని చూసిన ఇద్దరు సాక్షులు మీ ఎదుట సంతకాలు చేయాలి. ఆస్తి పొందే వ్యక్తి గాని, ఆ వ్యక్తి భార్య లేక భర్త గాని సాక్షిగా వుంటే వీలునామా నిలుస్తుంది గాని, వారికి రాసిన భాగం పోతుంది. బడికి రాసేటప్పుడు ఆ బడి ప్రధానోపాధ్యాయుల చేత, విచారణ గురువుల చేత సాక్షి సంతకం పెట్టించకపోవడమే నా సలహా. చెల్లదని కాదు, రేపు వేలెత్తి చూపడానికి చోటివ్వకూడదని. రిజిస్ట్రేషను తప్పనిసరి కాకపోయినా చేయించండి. వయసు మళ్లినవారు ఆ రోజునే డాక్టరు దగ్గర మానసిక ఆరోగ్యం గురించి ఒక ధ్రువపత్రం తీసుకుంటే మేలు. ఇంకొక సంగతి మరువరాదు: రాసిన తర్వాత వివాహం చేసుకుంటే పాత వీలునామా రద్దవుతుంది. భార్య పోయి మళ్లీ పెళ్లి చేసుకున్నవారు కొత్తగా రాసుకోవాలి.

బడి పేరు దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. "మా ఊరి ఫాదర్ల బడికి" అని రాస్తే ఎవరికి చెందుతుంది? చాలా బళ్లకు సొంతంగా ఆస్తి కలిగి వుండే హోదా వుండదు. వాటిని నడిపే మేత్రాసన సొసైటీకో, మఠకన్యల సంస్థకో ఆ హోదా వుంటుంది. ఆ సంస్థ రిజిస్టరయిన పూర్తి పేరు అడిగి తెలుసుకుని, "ఫలానా బడి నిమిత్తం" అని చేర్చండి. పొలమైతే సర్వే నంబరు, విస్తీర్ణం రాయండి. ప్రభుత్వం ఇచ్చిన డి.పట్టా భూమి అయితే జాగ్రత్త. అసైన్డ్ భూముల బదిలీ మీద 1977 చట్టం ఆంక్షలు పెట్టింది, తర్వాత సవరణలూ వచ్చాయి. తహశీల్దారు కార్యాలయంలో విచారించకుండా బడికి రాయవద్దు.

దేనికి వాడాలో చెప్పండి గాని మరీ బిగించవద్దు. "తెలుగు మీడియం ఏడో తరగతి పిల్లల పుస్తకాలకు మాత్రమే" అని రాస్తే, ఆ తరగతి ఇంగ్లీషు మీడియం అయిననాడు ఏం చేయాలి? దాతల కోరికను అతి శ్రద్ధగా నెరవేర్చాలని శ్రీసభ ధర్మశాస్త్రం 1300వ సూత్రం చెబుతుంది. వారి షరతులను మార్చడం పీఠాధిపతికైనా తేలిక కాదు. అందుకని, "ఈ అవసరం లేనప్పుడు పీఠాధిపతి అనుమతితో అదే బడిలోని పేదపిల్లల చదువుకు" అని ఒక్క వాక్యం కలపండి.

చివరగా, మీ బిడ్డలకు ముందే చెప్పండి. మీరు బతికుండగా ఎదురుగా కూర్చుని కాదంటే, ఆ మాట వినవచ్చు, కారణం చెప్పవచ్చు, అవసరమైతే భాగం తగ్గించవచ్చు. మీరు పోయాక సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో మొదటిసారి తెలిస్తే వారి కోపం బడి మీదికీ, గురువుల మీదికీ మళ్లుతుంది. కోర్టులో వాయిదాలు తిరిగే ఆస్తితో ఏ పిల్లవాడి ఫీజూ కట్టలేరు. వీలునామా అమలుపరచే బాధ్యత ఎవరికి అప్పగించారో వారి పేరు అందులోనే రాయండి. నకలు ఒకటి వారి దగ్గర వుంచండి. అసలు ప్రతి ఏ పెట్టెలో వుందో, ఆ పెట్టె తాళంచెవి ఎక్కడుందో ఇంట్లో ఒకరికైనా చెప్పండి.