మేనకోడలికి, గిటారు గొంతు గురించి

అమ్మలూ,

నువ్వు పంపిన రికార్డింగ్ విన్నాను. వేళ్లు బాగా కుదిరాయి, తాళం ఎక్కడా జారలేదు. గిటారు గొంతు మాత్రం ఒంటరిగా ఉన్నప్పుడు చెవిలో గుచ్చుకుంటోంది, డ్రమ్స్, కీబోర్డ్ అందుకోగానే ఎక్కడికో మాయమైపోతోంది. నీ ప్రీసెట్‌ని నీ దగ్గరున్నట్టే నా దగ్గరా ఉన్న హెచ్‌ఎక్స్ స్టాంప్ యాంప్ మోడలర్‌లోకి ఎక్కించి, ఎడిటర్‌లో ఒక్కో బ్లాకూ చూశాను. 8 బ్లాకులూ నింపేశావు. వాటిలో సగం తీసేసినా పాటకు లోటేమీ ఉండదు. ఫోన్‌లో చెబితే సగం మరచిపోతావని కూర్చుని రాస్తున్నాను.

ముందు ఆ పెట్టె వినిపించేది ఏమిటో తెలుసుకో. ఒక ఫెండర్ ట్విన్ రెవర్బ్ బరువు దాదాపు 29 కిలోలు. దాన్ని మోసుకెళ్లి, స్పీకర్ ముందు మైకు నిలబెట్టి, ఆ మైకు వైరు మిక్సర్‌కి కలిపితే వచ్చే శబ్దాన్ని లెక్కగట్టి వినిపించడమే ఈ యంత్రాల పని. 1998లో లైన్ 6 వాళ్ల పాడ్ వచ్చి ఈ సౌకర్యాన్ని మామూలు వాయిద్యకారుల చేతికందించింది. 2006లో ఫ్రాక్టల్ వాళ్ల యాక్స్-ఎఫ్‌ఎక్స్, 2011లో కెంపర్, 2015లో హీలిక్స్, 2018లో నీ స్టాంప్. ఇరవై ఏళ్లలో లెక్కలు చాలా మెరుగుపడ్డాయి గానీ మూలసూత్రం అదే: నీకు వినబడుతున్నది మైకు పట్టుకున్న యాంప్. రిహార్సల్ గదిలో కాళ్ల దగ్గర మోగే యాంప్‌లా లేదని దిగులుపడి నువ్వు ట్రెబుల్ పెంచావు, ప్రెజెన్స్ పెంచావు, చాలక ఇంకో ఈక్యూ బ్లాకు తగిలించావు. గుచ్చుకోవడం మొదలైంది అక్కడే.

నేనైతే యాంప్ జోలికి వెళ్లకముందే క్యాబినెట్, అంటే స్పీకర్ పెట్టె, చూస్తాను. చాలామంది యాంప్ పేరు చూసి మురిసిపోతారు. మార్షల్ ప్లెక్సీ మోడల్‌ని మార్చి వాక్స్ ఏసీ30 పెడితే వచ్చే తేడా కంటే, ఒకే యాంప్‌కి స్పీకర్‌నీ మైకు చోటునీ మార్చితే వచ్చే తేడా తరచూ ఎక్కువ. 12 అంగుళాల గిటారు స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక శబ్దాన్ని బాగా తగ్గించేస్తుంది. డిస్టార్షన్‌లో పుట్టే గరగరనంతా మింగేసేది అదే. మన చర్చిల్లో, కాలేజీ ఫంక్షన్లలో డిస్టార్షన్ పెడల్‌ని నేరుగా మిక్సర్‌లో గుచ్చేస్తుంటారు కదా, అప్పుడు గిటారు తేనెటీగల గుంపులా వినబడేది మధ్యలో ఆ స్పీకర్ చేసే పని లేకపోవడం వల్లే.

నీ ప్రీసెట్‌లో క్యాబినెట్ ఉంది. కానీ మైకు స్పీకర్‌కి సరిగ్గా నడిబొడ్డున, ఒక్క అంగుళం దూరంలో ఉంది. అతి పదునైన చోటు అది. ఫర్మ్‌వేర్ 3.50 వెర్షన్ నుంచి ఆ మైకును ఎడిటర్‌లో బొమ్మ మీదే జరపొచ్చు. గిటారు వాయిస్తూ మెల్లగా అంచు వైపు జరుపు. పదును కరిగి, గొంతులో కండ వినబడే చోట ఆపు. దూరం రెండు మూడు అంగుళాలు చెయ్యి. హై కట్ 6 లేదా 7 కిలోహెర్ట్జ్ దగ్గర, లో కట్ 90 హెర్ట్జ్ చుట్టుపక్కల పెట్టు. గిటారు మందపు తీగ శృతి దాదాపు 82 హెర్ట్జ్. అంతకన్నా కిందనున్న జాగా బాస్ గిటారుది, కిక్ డ్రమ్‌ది, వాళ్లకి వదిలెయ్. ఇంత చేశాక నీ ఈక్యూ బ్లాకు అవసరమే ఉండదని నా నమ్మకం.

ఇక గిటారు మాయమైపోవడం సంగతి. రాత్రిళ్లు హాస్టల్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, చిన్న వాల్యూమ్‌లో ఈ ప్రీసెట్ చేసుంటావు. మన చెవి చిన్న శబ్దంలో బాస్‌నీ బాగా హెచ్చు ట్రెబుల్‌నీ తక్కువగా పట్టుకుంటుందని 1933లోనే ఫ్లెచర్, మన్‌సన్ కొలిచి చూపించారు. కాబట్టి ఆ రెండూ పెంచితేనే నీకు నిండుగా అనిపించింది, మిడ్ తగ్గిస్తే ఇంకా అందంగా అనిపించింది. అదే ప్రీసెట్ స్టేజీ మీద పెద్దగా మోగితే బాస్ బురబురలాడుతుంది, ట్రెబుల్ కోస్తుంది, గిటారు అసలు బతికే మిడ్ మాత్రం ఉండదు. బ్యాండ్‌తో వాయించబోయే శబ్దానికి దగ్గరగా స్పీకర్లు పెంచి, పాట ట్రాక్ పక్కన మోగిస్తూ సరిచెయ్యి. విడిగా వింటే కాస్త ముక్కుతో పాడినట్టున్న గొంతే చాలాసార్లు బ్యాండ్‌లో నిలబడుతుంది. గెయిన్ కూడా నువ్వు అనుకున్నదాంట్లో మూడో వంతు తగ్గించి చూడు, తీగ మీద పడిన దెబ్బ తెలియాలి.

ఎడిటర్ మీద నాకు కోపం లేదు. పేర్లు పెట్టుకోవడానికి, స్నాప్‌షాట్లు సర్దుకోవడానికి, ఏ ఫుట్‌స్విచ్ ఏం చెయ్యాలో కేటాయించడానికి అంతకన్నా సుఖమైనది లేదు. వంగి ఆ చిన్న తెర మీద చేస్తే నడుం పడిపోతుంది. మైకు చోటు కుదిరాక, గొంతు వెతుక్కునేటప్పుడు మాత్రం ల్యాప్‌టాప్ మూసెయ్యి. తెర మీద 5 అని కనబడితే అది మధ్యస్థం అనుకుంటాం. ఫెండర్ టోన్ సర్క్యూట్‌లో బాస్, ట్రెబుల్ మధ్యలో ఉంటే మిడ్ అప్పటికే లోతుగా పడిపోయి ఉంటుంది. అక్కడ అన్నీ 5లో పెట్టడమంటే సమంగా పెట్టడం కాదు. పైగా ఒక నాబ్ తిప్పితే మిగతావాటి పనితీరూ మారుతుంది, మోడల్‌లో కూడా. అందుకని అంకెలు చూడకుండా, పూర్తిగా అటు, పూర్తిగా ఇటు తిప్పి విని, నచ్చిన చోట ఆపడం అలవాటు చేసుకో. ఒక్క చానల్ వాల్యూమ్ మాత్రం గొంతుని మార్చదు, శబ్దాన్ని పెంచి తగ్గిస్తుందంతే. ప్రీసెట్ల మధ్య హెచ్చుతగ్గులు దానితోనే సరిచెయ్యి. మాస్టర్ జోలికి వెళ్లకు, అది పవర్ యాంప్‌ని కదిలిస్తుంది.

ఆ పెట్టెలో యాంపులు వందకు పైగా ఉన్నాయి, ఇప్పుడు న్యూరల్ యాంప్ మోడలర్ అనే సాఫ్ట్‌వేర్ పుణ్యమా అని ల్యాప్‌టాప్‌లో ఉచితంగా కూడా లెక్కలేనన్ని దొరుకుతున్నాయి. నువ్వు మూడు నెలల పాటు ఒక్కటే పెట్టుకో. డీలక్స్ రెవర్బ్ మోడల్ అయితే మంచిది: గిటారు వాల్యూమ్ తగ్గిస్తే తేటపడుతుంది, గట్టిగా మీటితే పగులుతుంది. నీ కుడిచెయ్యికి ఆ యాంప్ బుద్ధి తెలియాలి. ప్రీసెట్లు కొనడానికి మీ అమ్మని డబ్బు అడిగావని విన్నాను. వద్దు. అవి ఇంకొకరి కొలతలకు కుట్టిన చొక్కాలు. వాళ్ల గిటారు పికప్ వేరు, మీటే బలం వేరు. ఆ డబ్బుతో కొత్త తీగలు వేయించు, ఫ్రెట్లు సరిచేయించు.

స్టేజీ మీద కొన్ని చిన్న జాగ్రత్తలు. హాలుని బట్టి గొంతు మారితే ఒక్కో ప్రీసెట్ కెలక్కుండా గ్లోబల్ ఈక్యూ వాడు, ఇంటికొచ్చాక ఆపెయ్యడం మరవకు. మిక్సర్‌లో ఒక్క చానలే ఇస్తే ఎడమ వైపు మోనో ఔట్‌పుట్‌లోంచే వైరు తియ్యి. ల్యాప్‌టాప్ కలిపి వాయిస్తున్నప్పుడు గుయ్యిమని మోత వస్తే ముందు దాని చార్జర్ పీకి చూడు, జనరేటర్ మీద నడిచే చోట ఇది తరచూ ఎదురవుతుంది. మిక్సర్ దగ్గర కూర్చునే అన్నతో సౌండ్ చెక్‌కి ముందే మర్యాదగా మాట్లాడి, నీ గిటారుకి అప్పటికే మైకు, క్యాబినెట్ లోపలే ఉన్నాయని చెప్పు. ఎక్కువ హంగులు చెయ్యకుండా వదిలేస్తాడు.

కొత్త ఫర్మ్‌వేర్ వచ్చిందని నీ స్నేహితులు చెప్పినా ప్రోగ్రాం ముందు రోజు మాత్రం ఎక్కించకు. ఎప్పుడు ఎక్కించినా ఎడిటర్‌లో పూర్తి బ్యాకప్ తీసి, దాన్ని ఇంకో చోట కూడా దాచుకో. ఈ ఆదివారం క్యాబినెట్ ఒక్కటి సరిచేసి, అదే పాట మళ్లీ వాయించి పంపు, నీ బ్యాండ్‌తో కలిపి.

మామయ్య