చెల్లెలి ఫీజూ నీ పన్నూ

సోమేనహళ్ళి

మేనల్లుడికి,

చెల్లెలికి బెంగళూరులో ఇంజనీరింగు సీటు వచ్చిందనీ, ఫీజు నువ్వే కడతానన్నావనీ అక్క చెప్పింది. చాలా సంతోషం. ఆ డబ్బు మీద పన్ను ఎంత తగ్గుతుందని అడిగినావు. ఉన్నమాట చెప్తా: రూపాయి కూడా తగ్గదు.

2025 ఆదాయపన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారినాయి గానీ, అందరికీ తెలిసిన పాత నంబర్లే రాస్తున్నా. 80సిలో ట్యూషన్ ఫీజుకు మినహాయింపు సొంత బిడ్డలకే, అదీ ఇద్దరికే. చదువు అప్పు వడ్డీకి ఉండే 80ఈలో నువ్వు, నీ భార్య, బిడ్డలు, నువ్వు చట్టప్రకారం గార్డియన్‌గా ఉన్న విద్యార్థి వస్తారు. చెల్లెలు రాదు. మీ నాయన పేరిట చూపిద్దామంటే, రాగులు, శెనక్కాయల ఆదాయానికి అసలు పన్నే లేదు. లేని పన్నులో తగ్గించేదేముంది? పైగా నువ్వు కొత్త పన్ను పద్ధతిలో ఉంటే ఈ మినహాయింపులేవీ నీకు దక్కవు.

అమెరికాలో చందా ఇస్తే పన్నే మాఫీ అవుతుందని ఆఫీసులో విన్నావంట. నిజమే. అరిజోనా రాష్ట్రం 1997లో తెచ్చిన చట్టం అది. స్కాలర్‌షిప్ సంస్థకు ఇచ్చిన చందాను, ఒక పరిమితి దాకా, కట్టాల్సిన రాష్ట్ర పన్నులోంచే తీసేస్తారు. ప్రైవేటు బడుల్లో చదివే పిల్లలకు ఆ డబ్బుతో సాయం చేస్తారు. మన 80జి అట్లా కాదు. మామూలు ట్రస్టుకు 10,000 ఇస్తే అందులో సగమే ఆదాయంలోంచి తీస్తారు. 20 శాతం శ్లాబులో ఉన్నవాడికి మిగిలేది సెస్సుతో కలిపి 1,040. తక్కినదంతా సొంత డబ్బే.

“మాకు దానం ఇవ్వండి, రసీదు ఇస్తాం, మీ చెల్లెలికే స్కాలర్‌షిప్‌గా తిప్పి ఇస్తాం” అని ఎవరన్నా అంటే ఆ గడప తొక్కొద్దు. అది దానం కాదు, దొంగలెక్క. అరిజోనాలో కూడా తన మీద ఆధారపడిన పిల్లల కోసమని చందా ఇస్తే మాఫీ ఉండదు. నీ బిడ్డకు నేను, నా బిడ్డకు నువ్వు అనే మార్పిడి కూడా చెల్లదు.

కాబట్టి పన్ను సంగతి పక్కనబెట్టి, చెల్లెలి పేరిట రావాల్సింది రాబట్టు. 2021లో మన కర్ణాటక సర్కారు పెట్టిన రైత విద్యానిధి స్కాలర్‌షిప్‌లో ఇంజనీరింగు చదివే రైతు కూతురికి ఏడాదికి 11,000, కొడుకుకు 10,000 అని నిర్ణయించినారు. దానికి మీ నాయనకు రైతుగా నమోదైన ఫ్రూట్స్ ఐడీ ఉండాల. భూమి పత్రం పహణి ఇంకా మీ తాత పేరులోనే ఉంటే, ముందు వారసుల పేరుకు మార్చే పౌతి ఖాతా చేయించండి. నాడకచేరి రెవెన్యూ ఆఫీసులో ఆదాయ పత్రం తీసుకొని, ఆ పిల్ల ఎకౌంటుకు ఆధార్ జోడించి, ఆ పథకం ఈ ఏడు నడుస్తోందో లేదో, నిబంధనలేమిటో చూసుకొని, రాష్ట్ర సర్కారు స్కాలర్‌షిప్పుల ఎస్‌ఎస్‌పీ పోర్టల్‌లో అర్జీ వేయించు. చదువు కోసం వచ్చే స్కాలర్‌షిప్ మీద పన్ను ఉండదు.

చాలకపోతే అప్పు ఆ పిల్ల పేరిటే తీయండి. 2024లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి చదువు అప్పుల పథకం జాబితాలో ఆ కాలేజీ ఉందేమో చూడు. ఉంటే, కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటక, వేరే సర్కారు స్కాలర్‌షిప్ తీసుకోనివాళ్ళకు 10 లక్షల అప్పు దాకా, చదివే కాలంలో వడ్డీ రేటులో 3 శాతం సర్కారు భరిస్తుంది. రేపు ఉద్యోగం వచ్చి తన సంపాదనతో వడ్డీ కట్టుకునేటప్పుడు, పాత పద్ధతి ఎంచుకుంటే 80ఈ తనకే పనికొస్తుంది. ఎనిమిదేళ్ళ దాకా, వడ్డీ ఎంతైనా సరే.

ఇంకొక్క మాట. సేద్యం ఇంటికి పన్ను మినహాయింపు నేరుగా రాదు. పన్ను కట్టే ఎవరో ముక్కూమొహం తెలియని బిడ్డకు ఇచ్చినప్పుడే అది స్కాలర్‌షిప్ రూపంలో వస్తుంది. చెల్లెలి చదువు గట్టెక్కినాక నువ్వూ అట్లా ఒక ట్రస్టుకు ఇవ్వు. 2,000 మించితే నగదుగా ఇవ్వొద్దు, బ్యాంకు ద్వారానే పంపు, ట్రస్టు ఇచ్చే దానం ధ్రువపత్రం అడిగి తీసుకో. తగ్గే పన్ను కొంచెమే అయినా ఇవ్వడం మానొద్దు.

వచ్చే ఆదివారం ఊరికి వస్తే పహణి, ఆధార్ కాగితాలు ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మీ మామ