సముద్ర సంరక్షణలో స్కూబా డైవర్ల పాత్ర

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల విద్యార్థులకు సముద్రాన్ని గూర్చిన వ్యాసం ఎందుకని కొందరు అడుగవచ్చు. అడగటం న్యాయమే. అయినా రెండు సంగతులు ఆలోచింపదగినవి. మొదటిది, మన నేల ఒకప్పటి సముద్రగర్భం. పులివెందులకు చేరువనున్న వేంపల్లె రాళ్లలో స్ట్రోమటోలైట్లు అనే పొరలుపొరల శిలాజాలు కనిపిస్తాయి. సుమారు 190 కోట్ల సంవత్సరాల క్రితం లోతు తక్కువ సముద్రంలో సూక్ష్మజీవులు కట్టిన కట్టడాలవి. రెండవది, మన నీళ్లు నేటికీ సముద్రానికే పోతున్నాయి. పులివెందుల వైపు నీళ్లు చిత్రావతి, పాపఘ్ని నదుల గుండా పెన్నలో కలుస్తాయి. జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల ప్రక్కగా సాగే ఆ పెన్న 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు జిల్లా ఊటుకూరు వద్ద బంగాళాఖాతం చేరుతుంది. ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకపరుపుగా ఉండే ఈ ఏరు 2021 నవంబరులో వలె పొంగినప్పుడు, గట్టున పడవేసిన సంచులు, సీసాలు, చీనీతోటల్లో చివికిన డ్రిప్పు గొట్టాలు దానితో కదలుతాయి. మైలవరం, సోమశిల జలాశయాలలో కొంత నిలిచిపోవచ్చు. నిలువనిది ఎక్కడికి చేరుతుందో వేరుగా చెప్పనక్కరలేదు.

చేరిన తరువాత దానిని చూచేవారెవరు? ఒడ్డున నిలిచినవానికి అలలు మాత్రమే కనిపిస్తాయి. జాలరికి వలలో పడినంతవరకే తెలుస్తుంది. అడుగున ఉన్నదానిని ఉన్నచోటనే చూడగలవాడు డైవరు. సముద్ర సంరక్షణలో అతని విలువ ముఖ్యంగా ఇందులోనే ఉన్నదని మా అభిప్రాయం. అతడు సాక్షి, పైగా ఆ సముద్రం పాడైతే కూడు పోగొట్టుకొనే సాక్షి.

పెన్నలో ఎవరైనా మునిగినప్పుడు మనవారు పిలిచే గజ ఈతగాళ్లు, ఉర్దూలో చెప్పాలంటే గోతాఖోర్లు, ఊపిరి బిగబట్టి దిగుతారు. స్కూబా డైవరు గాలిని వీపున మోసుకొని దిగుతాడు. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి సరిపడునట్లు సిలిండరులోని గాలిని నోటికి అందించే రెగ్యులేటరు లేకపోతే రొమ్ము గాలిని లోనికి తీసుకొనలేదు. 1943లో ఫ్రెంచి నౌకాదళాధికారి జాక్ కూస్తో, ఇంజనీరు ఎమిల్ గాన్యాన్ కలసి ఈ సాధనాన్ని రూపొందించారు. కూస్తో కథ విద్యార్థులు తెలుసుకొనదగినది. 1956 నాటి ఆయన చిత్రం 'ది సైలెంట్ వరల్డ్'లో పగడపు దిబ్బను డైనమైటుతో పేల్చటం, సొరచేపలను చంపటం కనిపిస్తాయి. ఆ మనిషే 1960లో మధ్యధరా సముద్రంలో అణువ్యర్థాలు పారవేయరాదని ఎదిరించాడు. 1973లో సముద్ర రక్షణకై ఒక సంస్థను స్థాపించాడు. ఏండ్ల తరబడి ఒకే సముద్రంలోకి మరల మరల దిగిన కన్ను అది.

అయితే డైవరు స్వయంగా హాని చేయడా అంటే, చేస్తాడు. పగడపు దిబ్బ రాయి కాదు, చిన్న ప్రాణుల కాలనీ. నీటిలో తన తేలికను అదుపు చేసుకొనలేని క్రొత్తవాడు కాలి రెక్కతో ఒక్క తాపు తన్నితే ఎన్నో ఏండ్ల పెరుగుదల విరిగిపోతుంది. కరీబియన్ ప్రాంతపు సెయింట్ లూసియా దీవిలో జరిపి 2004లో ప్రకటించిన ఒక పరిశీలనలో, పడవపై చెప్పిన చిన్న హెచ్చరిక ఒక్కటే పనిచేయలేదని, నీటి అడుగున మార్గదర్శి స్వయంగా వారించినప్పుడే తాకటం బాగా తగ్గిందని తేలింది. తరగతి గదిలోనూ ఇంతేనని ఉపాధ్యాయులు నవ్వుకొనవచ్చు.

ఇక మన రాష్ట్రం సంగతి. విశాఖపట్నంలో ఋషికొండ ప్రాంతాన నౌకాదళంలో పనిచేసి వచ్చిన డైవర్లు స్కూబా నేర్పుతున్నారు. అడుగున చిక్కిన వలలను, ప్లాస్టిక్‌ను వెలికితీసే పనీ చేస్తున్నారు. తెగిపోయిన నైలాను వల కుళ్లదు. జాలరి లేకపోయినా వేట మానదు. ఆలివ్ రిడ్లే తాబేలు ఊపిరితిత్తులతో శ్వాసించే ప్రాణి. వలలో చిక్కి పైకి రాలేకపోతే నీటిలోనే మునిగి చస్తుంది. అట్టి వలను ఊరక పట్టి లాగితే దిబ్బ విరుగుతుంది. కొంచెం కొంచెంగా కోసి, గాలి నింపే సంచులకు కట్టి, మెల్లగా పైకి తేల్చాలి. కోసేవాని సిలిండరే వలలో తగులుకొనే ప్రమాదమున్నందున ఇది ఒంటరిగా చేయవలసిన పని కాదు. శిక్షణ పొందిన వృత్తినిపుణుల పని.

తీసినదానిని లెక్కించటం తీయటమంత ముఖ్యం. డైవర్లు దొరికిన చెత్తను రకాలవారీగా లెక్కించి నమోదు చేసే అంతర్జాతీయ కార్యక్రమం ఒకటి 2011 నుండి నడుస్తున్నది. సీసాలెన్ని, వలలెన్ని అన్న లెక్క ఉంటేనే ఏలికలను అడగటానికి ఆధారముంటుంది. ఛాయాచిత్రాలూ అట్టివే. తిమింగల సొరచేప ఒంటిమీది చుక్కల అమరిక మన వేలిముద్రల వంటిది. డైవరు తీసిన చిత్రంతో ఏ చేప ఎక్కడ తిరిగిందో పోల్చవచ్చు. మన చట్టం ఈ చేపకు 2001లో పూర్తి రక్షణ ఇచ్చింది. 2021 డిసెంబరులో విశాఖ దాపున తంతడి తీరంలో చిక్కిన ఒక తిమింగల సొరచేపను అటవీశాఖవారు, జాలరులు కలసి మరల లోతునీటికి పంపారు.

మన జిల్లానుండి ఎందరో జీవనోపాధికై వెళ్లిన కువైట్‌లోనూ ఈ పని సాగుతున్నది. ఒకప్పుడు ఆ దేశం ముత్యాల కోసం మునిగే ఘవ్వాసుల మీద బ్రతికింది. జపాను పెంపుడు ముత్యాలు వచ్చి 1930 ప్రాంతాన ఆ వృత్తిని దెబ్బతీశాయి. నేడు అక్కడి స్వచ్ఛంద డైవర్ల బృందం కుబ్బర్, ఖారూ, ఉమ్ముల్ మరాదిమ్ దీవుల పగడపు దిబ్బలపై పడిన వలలను, మునిగిన పడవలను పైకి తీస్తున్నది. సెలవులకు వచ్చే మన బంధువులను విద్యార్థులు దీనిగూర్చి అడిగి చూడవచ్చు.

ఇంత చెప్పినా, పై ఊళ్లలో ఏటిలో పడేదానిని డైవరు ఆపలేడు. అది ఏటిగట్టువారి వంతు, పురపాలక సంఘాల వంతు. కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒకటి: విశాఖనుండి ఒక డైవరును ఉపన్యాసానికి పిలిపించి, అడుగున తీసిన చిత్రాలను మన పిల్లలకు చూపించవలెను. ప్రారంభ శిక్షణకు పెద్ద విద్యేమీ అక్కరలేదు. సాధారణంగా 200 మీటర్ల ఈత, 10 నిమిషాలు నీటిపై తేలి ఉండటం, వైద్యుని అనుమతి అడుగుతారు. నడుముకు బెండ్లు కట్టుకొని తోటబావుల్లో ఈత నేర్చిన మన పిల్లలలో ఆ మాత్రం ఈదగలవారికి కొదువ లేదు.