బొమ్మకు నడక నేర్పే విద్య

పాఠ పరిచయం

వీడియో ఆటల తెర మీద పరుగెత్తే, దూకే, పడి లేచే పాత్రలను నేటి విద్యార్థులలో చాలామంది చూసి ఉంటారు. ఆ పాత్రలకు చలనం కల్పించే విద్యను యానిమేషన్ అంటారు. అది ఏ విధంగా పనిచేస్తుంది, దానిని నేర్చుకోగోరేవారు మొదట ఏమి సాధన చేయాలి అనే విషయాలను ఈ పాఠం వివరిస్తుంది.

పాఠం

దీపపు వెలుగులో, తెల్లని తెర మీద ఆడే తోలుబొమ్మలాట తెలుగువారికి తరతరాలుగా తెలిసిన కళ. ఇరుగుపొరుగు రాష్ట్రాలలో కూడా ఈ కళ ఉంది. కర్ణాటకలో దీనిని తొగలు గొంబెయాట అంటారు. తమిళనాడులో తోల్ పావైకూత్తు అంటారు. ఒడిశాలో రావణ ఛాయ అంటారు. అయితే ఈ బొమ్మలన్నీ ఒకే తీరుగా ఉండవు. ఆంధ్రదేశపు తోలుబొమ్మకు నడుము, భుజాలు, మోచేతులు, మోకాళ్ల వద్ద కీళ్లు ఉంటాయి. రావణ ఛాయ బొమ్మ ఒకే తోలుముక్క. దానికి కీళ్లు ఉండవు. కీళ్లున్న బొమ్మ చేయి ఎత్తగలదు, మోకాలు వంచగలదు. కీళ్లు లేని బొమ్మను ఆడించేవాడు బొమ్మనంతటినీ వంచి, జరిపి, నీడను పెంచి, తగ్గించి కథ నడుపుతాడు. బొమ్మకు కీలు ఎక్కడ ఉన్నదో కదలిక అక్కడ పుడుతుంది. ఈ సూత్రమే కంప్యూటర్ బొమ్మకు కూడా వర్తిస్తుంది.

నేటి వీడియో ఆటలలోని పాత్రకు పొడవు, వెడల్పు, లోతు అనే మూడు కొలతలు ఉంటాయి. దానిని ముందు నుంచి, వెనుక నుంచి, పై నుంచి ఎటు నుంచైనా చూడవచ్చు. నిజానికి అది లోపల ఏమీ లేని డొల్ల. వేలకొలది చిన్న చిన్న త్రిభుజాలను అతికి దాని చర్మాన్ని తయారు చేస్తారు. ఆ చర్మం తనంతట తాను కదలదు. కాబట్టి దాని లోపల ఎముకల వంటి గీతలను అమరుస్తారు. ఈ అమరికను రిగ్ అంటారు. తుంటి ఎముక దీనికి మూలం. తుంటి నుంచి వెన్ను, వెన్ను నుంచి భుజం, భుజం నుంచి మోచేయి, మోచేతి నుంచి మణికట్టు ఒకదానికొకటి అనుసంధానమై ఉంటాయి. భుజం కదిలితే చేయి మొత్తం కదులుతుంది. మణికట్టు కదిలితే అరచేయి, వేళ్లు మాత్రమే కదులుతాయి.

తరువాత చర్మంలోని ప్రతి బిందువు ఏ ఎముకను ఎంత మేరకు అనుసరించాలో నిర్ణయిస్తారు. మోచేతి దగ్గరి బిందువులు పై ఎముకను కొంత, కింది ఎముకను కొంత అనుసరిస్తాయి. ఈ పంపకం సరిగా లేకపోతే, చేయి వంచినప్పుడు మోచేయి నలిగిన కాగితపు గొట్టంలా కనిపిస్తుంది.

ఇక కదలిక సంగతి. యానిమేషన్ చేసే కళాకారుడు పాత్ర ముఖ్యమైన భంగిమలను మాత్రమే నిలుపుతాడు. వీటిని కీ ఫ్రేములు అంటారు. ఒక భంగిమకూ మరొక భంగిమకూ నడుమ ఉండవలసిన చిత్రాలను కంప్యూటర్ లెక్క కట్టి నింపుతుంది. ఇది విన్న కొందరు పని అంతా యంత్రమే చేస్తుందని అనుకొంటారు. అది పొరపాటు. యంత్రానికి లెక్క తెలుసు, బరువు తెలియదు. ఇనుపగుండు పైకెత్తినా, దూదిమూట పైకెత్తినా యంత్రం ఒకే విధంగా చేతిని పైకి లేపుతుంది. గుండు ఎత్తేవాడు ముందు కాళ్లు ఎడంగా పెట్టి, నడుము వంచి, ఊపిరి బిగబట్టి, తరువాత లేపుతాడని కళాకారుడు చెప్పాలి. అది చెప్పాలంటే ముందు తాను చూసి ఉండాలి. ఈ విద్యకు గమనింపు ప్రాణాధారం.

చూడటం తేలిక కాదు. గుర్రం దౌడు తీసేటప్పుడు దాని నాలుగు కాళ్లూ ఒకేసారి నేలను విడుస్తాయా అనే ప్రశ్న ఒకప్పుడు వివాదంగా ఉండేది. చిత్రకారులు చాలామంది గుర్రం ముందుకాళ్లు ముందుకూ, వెనుకకాళ్లు వెనుకకూ చాచి గాలిలో ఉన్నట్లు గీసేవారు. 1878లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఛాయాగ్రాహకుడు పరుగుదారి పక్కన కెమెరాలను వరుసగా నిలిపి, పరుగెత్తే గుర్రాన్ని క్షణక్షణం చిత్రించాడు. నాలుగు కాళ్లూ నేలను విడిచే మాట నిజమేనని తేలింది. కాని అది కాళ్లు చాచినప్పుడు కాదు, కాళ్లన్నీ పొట్ట కిందికి ముడుచుకొన్నప్పుడు. అంతకాలం గుర్రాలను చూస్తూ వచ్చిన మనుషుల కన్ను ఆ సంగతిని పట్టలేకపోయింది.

మనిషి నడక కూడా అటువంటిదే. నేర్చుకొనేవారికి నడకలో నాలుగు భంగిమలను చూపిస్తారు. మొదటిది, ముందు పాదపు మడమ నేలను తాకడం. రెండవది, ఆ కాలి మీద బరువు పడి శరీరం కొద్దిగా దిగడం. మూడవది, వెనుక కాలు ముందు కాలిని దాటి రావడం. నాలుగవది, శరీరం కొద్దిగా పైకి లేచి ముందడుగుకు సిద్ధం కావడం. ఆ తరువాత రెండవ కాలితో ఇవే భంగిమలు వస్తాయి. నడిచే మనిషి తల సరళరేఖలో సాగదు. అలలాగా లేచి దిగుతుంది. కుడికాలు ముందుకు పడినప్పుడు ఎడమచేయి ముందుకు వస్తుంది. ఈ మూల నడక వచ్చిన తరువాత తేడాలు నేర్చుకోవాలి. నిండుబిందెను చంకన పెట్టుకొన్న స్త్రీ నడుము రెండవ వైపుకు ఒరుగుతుంది; ఖాళీగా ఉన్న చేయి బయటికి చాచుకొంటుంది. అలసిన కూలీ పాదం నేలను రాసుకొంటూ వస్తుంది. నడకను బట్టి మనిషి వయస్సు, బరువు, మనస్సు తెలుస్తాయి.

ముఖం లేని వస్తువుకు కూడా కదలిక ద్వారా మనస్సును కల్పించవచ్చు. 1986లో పిక్సార్ సంస్థలో జాన్ లాసెటర్ 'లక్సో జూనియర్' అనే చిన్న కంప్యూటర్ చిత్రాన్ని తీశాడు. అందులో రెండే పాత్రలు, పెద్ద బల్లదీపం ఒకటి, చిన్న బల్లదీపం ఒకటి. వాటికి కళ్లు లేవు, నోరు లేదు. అయినా చిన్నదీపం బంతితో ఆడుకొనే తీరు చూస్తే అది పసివాడని ప్రేక్షకులకు ఇట్టే తెలిసిపోతుంది. చేతితో బొమ్మలు గీసేవారు పూర్వం కనిపెట్టిన సూత్రాలు కంప్యూటర్ బొమ్మకు కూడా పనికివస్తాయని లాసెటర్ 1987లో ఒక వ్యాసంలో వివరించాడు.

ఆ సూత్రాలలో ఒకటి పూర్వసన్నాహం. దూకే ముందు మనిషి మోకాళ్లు వంచి కిందికి దిగుతాడు. చలనచిత్రంలో ఈ సన్నాహాన్ని అరసెకను పాటు చూపినా అందంగానే ఉంటుంది. వీడియో ఆటలో అలా కుదరదు. అక్కడ పాత్రను నడిపించేది ఆడేవారి వేలు. ఎదురుగా గొయ్యి ఉంది. ఆడేవారు మీట నొక్కారు. పాత్ర అరసెకను పాటు మోకాళ్లు వంచుతూ కూర్చుంటే గోతిలో పడిపోతుంది. ఆడేవారు తమ తప్పు లేకుండా ఓడిపోతారు. మీట నొక్కగానే పాత్ర స్పందించడం ఆటకు ధర్మం. బరువుతో, సహజంగా కదలడం బొమ్మకు ధర్మం. ఈ రెండింటినీ సమన్వయించడమే ఆటల యానిమేషన్‌లోని అసలైన కష్టం. అందుకే చాలామంది కళాకారులు దూకే ముందరి సన్నాహాన్ని రెండు మూడు చిత్రాలకు కుదిస్తారు. నేల మీద వాలిన తరువాత మోకాళ్లు వంగడం, చేయి ఆనడం వంటివి చూపి, బరువును అక్కడ తెలియజేస్తారు.

ఈ కష్టాన్ని తొలినాళ్లలోనే ఎదుర్కొన్నవారిలో అమెరికా యువకుడు జోర్డన్ మెక్నర్ ఒకడు. అప్పటి ఆటలలోని మనుషులు కర్రబొమ్మల్లా కదిలేవారు. మెక్నర్ 1985లో తన తమ్ముడు డేవిడ్ చేత ఆరుబయట పరుగెత్తించి, దూకించి, వీడియో తీశాడు. ఆ దృశ్యాలను ఫోటోలుగా మార్చి, ఒక్కొక్క ఫోటోలోని ఆకారాన్ని చేతితో దిద్ది, కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఆ పని మీద సుమారు నాలుగేళ్లు శ్రమించాడు. కంప్యూటర్ జ్ఞాపకస్థానం అత్యల్పం. రాకుమారుడి కదలికలకే అది సరిపోయింది. శత్రువు బొమ్మకు చోటు మిగలలేదు. శత్రువు లేని ఆట చప్పగా ఉన్నదని తోటివారు అన్నారు. అప్పుడు మెక్నర్ రాకుమారుడి బొమ్మనే కొద్దిగా జరిపి, దాని మీదనే కలిపి, మిలమిలలాడే నీడమనిషిని సృష్టించాడు. రాకుమారునికి ప్రతినాయకుడు అతని నీడే అయ్యాడు! ఆటకు అదొక గొప్ప మలుపు. 1989లో 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' పేరుతో ఆ ఆట వెలువడింది. మొదట అంతగా అమ్ముడుపోలేదు. ఇతర కంప్యూటర్లకు మార్చిన తరువాత దేశదేశాలలో పేరు పొందింది. 2003లో వెలువడిన మరొక ఆటలో రాకుమారుడు మూడు కొలతల పాత్రగా కనిపించాడు.

నేడు నటుల ఒంటికి గుర్తులు అంటించి, చుట్టూ కెమెరాలు నిలిపి, వారి కదలికలను నేరుగా కంప్యూటర్‌లోకి తీసుకొనే పద్ధతి ఉంది. డేవిడ్ పరుగును చేతితో దిద్దిన పనికి ఇది వారసురాలు. అయినా కళాకారుడి అవసరం తీరలేదు. నేలలో దిగబడిన పాదాన్ని సరిచేయాలి. ఆటకు తగినట్లు కదలికను కుదించాలి. నడక నుంచి పరుగుకు, పరుగు నుంచి నిలకడకు అతుకు కనిపించకుండా కలపాలి. మనిషి చేయని పనులు చేసే రాక్షసులకు, జంతువులకు కదలికను ఊహించి కల్పించాలి.

ఒకప్పుడు ఈ విద్యకు కావలసిన సాధనాలు సామాన్యులకు అందేవి కావు. నెదర్లాండ్స్‌కు చెందిన టోన్ రోజెండాల్ రూపొందించిన బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌ను నిలిపివేసే పరిస్థితి 2002లో వచ్చింది. దానిని వాడేవారు చందాలు వేసి లక్ష యూరోలు సమకూర్చి, అందరికీ ఉచితంగా లభించేటట్లు చేశారు. బ్లెండర్‌తో తీసిన 'ఫ్లో' అనే లాత్వియా చిత్రానికి 2025లో ఆస్కార్ బహుమతి లభించింది. ఆ చిత్రంలో ఒక పిల్లి ప్రధాన పాత్ర. మాటలు లేవు. కథ అంతా జంతువుల కదలికల ద్వారానే సాగుతుంది.

సాధనం ఉచితంగా లభించినా సాధన ఉచితంగా లభించదు. నేర్చుకొనేవారు మొదటి రోజే వీరుణ్ణి, రాక్షసుణ్ణి కదిలించాలని తొందరపడకూడదు. ముందు ఒక బంతిని ఎగిరించాలి. రబ్బరు బంతికీ, ఇనుపగుండుకూ తేడా తెలిసేటట్లు చేయాలి. తరువాత నడక, ఆ తరువాత పరుగు, దూకు. కంప్యూటర్ ఇంకా అందుబాటులోకి రానివారు కూడా ఈ విద్యలోని సగాన్ని ఇప్పుడే ప్రారంభించవచ్చు. బస్సు ఎక్కే ముసలివారిని, సంతలో మూటలెత్తే హమాలీలను, గోడ దూకే పిల్లిని చూసి, నోటుపుస్తకంలో నాలుగు గీతలతో ఆ భంగిమలను గుర్తుపెట్టుకోవచ్చు. యంత్రం చేతికి వచ్చే రోజున ఆ పుస్తకమే వారికి పెట్టుబడి అవుతుంది.

అర్థాలు

చలనం = కదలిక
డొల్ల = లోపల ఏమీ లేనిది
అనుసంధానం = కలిపి ఉంచడం
భంగిమ = శరీరాన్ని నిలిపిన తీరు
పూర్వసన్నాహం = పనికి ముందు సిద్ధపడటం
సమన్వయించు = పొందిక కుదుర్చు
ఛాయాగ్రాహకుడు = ఫోటోలు తీసేవాడు

అభ్యాసం

అ. ఈ కింది ప్రశ్నలకు జవాబులు రాయండి.
1. ఆంధ్రదేశపు తోలుబొమ్మకూ, రావణ ఛాయ బొమ్మకూ గల తేడా ఏమిటి?
2. రిగ్ అంటే ఏమిటి? దానికి మూలం ఏ ఎముక?
3. "యంత్రానికి లెక్క తెలుసు, బరువు తెలియదు." ఈ వాక్యాన్ని ఒక ఉదాహరణతో వివరించండి.
4. చలనచిత్రంలో బాగుండే పూర్వసన్నాహం వీడియో ఆటలో ఎందుకు కుదరదు?
5. చోటు లేకపోవడం మెక్నర్‌కు ఏ విధంగా మేలు చేసింది?

ఆ. ఈ పదాలను సొంతవాక్యాలలో ఉపయోగించండి.
గమనింపు, ఇట్టే, పెట్టుబడి, అతుకు

ఇ. భాషాంశాలు
1. పదాలను విడదీసి, సంధి పేరు రాయండి.
ఉదా: ముందడుగు = ముందు + అడుగు (ఉకార సంధి)
ప్రాణాధారం, అత్యల్పం
2. విగ్రహవాక్యం రాసి, సమాసం పేరు తెలపండి.
ఉదా: ఇరుగుపొరుగు = ఇరుగూ, పొరుగూ (ద్వంద్వ సమాసం)
మూడు కొలతలు, నాలుగు గీతలు

ఈ. చేసి చూడండి.
1. పాత నోటుపుస్తకంలోని 24 పుటల మూలల్లో, నేలను తాకి ఎగిరే బంతిని వరుసగా గీయండి. పుటలను వేగంగా తిప్పి చూడండి. బంతి నేలను తాకే చోట చిత్రాలను ఎడంగా, పై కొసన దగ్గరదగ్గరగా గీస్తే ఏమి తేడా వస్తుందో రాయండి.
2. మీ ప్రాంతంలో తోలుబొమ్మలాటను ఏమని పిలుస్తారో పెద్దలను అడిగి తెలుసుకోండి. ఆ బొమ్మలకు కీళ్లు ఉన్నాయా? ఎక్కడెక్కడ ఉన్నాయి?