పాపకు చెవులు ఎప్పుడు కుట్టించాలి?

ప్రశ్న: మా పాపకు మూడు నెలలు. పుట్టువెంట్రుకలతో పాటే చెవులూ కుట్టించేద్దామంటున్నారు మా అత్తయ్య. కంసాలి దగ్గరికి తీసుకెళ్లాలా, ఆసుపత్రికా?
– ఒక తల్లి, రాజేంద్రనగర్

జవాబు: అత్తయ్యగారి ముచ్చట తీర్చండి, కాస్త ఆగి. 6, 10 వారాల పెంటావాలెంట్ టీకాలు పడే ఉంటాయి. 14వ వారానిదీ పడనివ్వండి. ధనుర్వాతం నుంచి రక్షణ అందులోనే ఉంది.

ఎవరు కుట్టినా నేను చూసేది సూదినే. మీ కళ్లముందే కొత్త ప్యాకెట్ విప్పాలి. దీపం మంటలో కాల్చిన సూదిని ఒప్పుకోకండి, దాన్నే ఎంతమందికి వాడారో! మెత్తని తమ్మెకే కుట్టించండి. గిల్టు కమ్మల్లో నికెల్ ఉంటే దురద, పుండ్లు వస్తాయి. బంగారు తీగ మేలు. ఆరు వారాలు తీయకండి. పసుపు, నూనె రాయకుండా, మందుల షాపులో దొరికే సెలైన్‌తో తుడవండి. వాచి చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆ రోజే డాక్టరుకు చూపించండి.