ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ మార్పిడి: కొన్ని పరిశీలనలు

విద్యార్థి వ్రాసుకున్న పాఠాలు, ప్రాజెక్టు నివేదికలు నేడు చాలావరకు హార్డ్ డిస్క్‌లోనే ఉంటున్నాయి. డిస్క్ చెడితే మరొకటి కొనవచ్చును. అందులోని వ్రాతను మాత్రం ఏ దుకాణంలోనూ కొనలేము. మార్పిడికి పూనుకొనేవారు ముందుగా ఈ భేదాన్ని గ్రహించాలి.

1956లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన తొలి హార్డ్ డిస్క్ యంత్రంలో 24 అంగుళాల బిళ్లలు 50 ఉండేవి. అన్నీ కలిసి ఇముడ్చుకొన్నవి సుమారు 50 లక్షల అక్షరాలు మాత్రమే. ల్యాప్‌టాప్‌లోని 2.5 అంగుళాల డిస్క్‌కు కూడా సూత్రం అదే. అయస్కాంత పూత గల బిళ్ల సాధారణంగా నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుండగా, దానిని తాకకుండా అతి సమీపంలో హెడ్ కదులుతూ చదువుతుంది, వ్రాస్తుంది. గట్టి కుదుపు వలన హెడ్ బిళ్లను తాకితే ఆ భాగం పాడవుతుంది.

ఫైళ్లు తెరవడంలో విపరీతమైన ఆలస్యం, కాపీ మధ్యలో ఆగిపోవడం, స్మార్ట్ నివేదికలో చెడిన సెక్టర్ల సంఖ్య పెరగడం ప్రమాద సూచనలు. టక్ టక్‌మనే శబ్దం మొదలైతే వెంటనే ఆపివేసి నిపుణునికి చూపాలి. నడిపిన కొద్దీ నష్టం పెరగవచ్చును.

డిస్క్ ఇంకా చదువుతున్నట్లయితే మొదటి కర్తవ్యం ప్రతి తీసుకోవడం. ఇందులో ఉర్దూ, తెలుగు వ్రాసేవారికి ఒక ప్రత్యేక హెచ్చరిక. ఇన్‌పేజ్‌లో కూర్చిన ఉర్దూ ఫైలు సరిగా తెరుచుకోవాలంటే ఆ సాఫ్ట్‌వేర్ ఉండాలి. అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగు, ఆ ఫాంట్లు లేని యంత్రంలో అర్థంలేని గుర్తులుగా కనబడుతుంది. కావున ఫైళ్లతోపాటు ఫాంట్లను కూడా భద్రపరచాలి. యూనికోడ్‌లో వ్రాసినవారికి ఈ చిక్కు లేదు.

ఇక కొత్త డిస్క్ ఎంపికలో మూడు అంశాలు పరిశీలించాలి.

మొదటిది కనెక్టర్. పాత ఐ.డి.ఇ. డిస్క్‌కు సూదుల వరుసలుంటాయి. దాని తర్వాత వచ్చిన సాటా డిస్క్‌కు చదునైన కనెక్టర్ ఉంటుంది. ఒకదాని స్థానంలో మరొకటి నేరుగా అమరదు.

రెండవది మందం. 7 మిల్లీమీటర్ల గదిలో 9.5 మిల్లీమీటర్ల డిస్క్ పట్టదు. పెద్ద గదిలో పలుచని డిస్క్‌ను చిన్న చట్రం సాయంతో బిగించవచ్చును. కదిలే భాగాలు లేని సాటా ఎస్.ఎస్.డి. పాత ల్యాప్‌టాప్‌లకు కూడా అనుకూలం.

మూడవది ఎం.2 రకం. 2280 అనగా 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. కొలత కలిసినంత మాత్రాన పని చేయదు. సాటాను మాత్రమే అంగీకరించే స్లాటు ఎన్.వి.ఎం.ఇ. డిస్క్‌ను గుర్తించదు. అందుచేత మోడల్ సంఖ్య చూసి, తయారీదారుని పుస్తకంలో సరిచూసుకోవాలి. కొన్ని పలుచని ల్యాప్‌టాప్‌లలో నిల్వ భాగం బోర్డుకే అతికి ఉంటుంది. దానిని ఈ విధంగా మార్చలేము.

బిగించే ముందు ఛార్జర్ తీసి, బ్యాటరీ సంబంధం తొలగించాలి. బిగించిన పిమ్మట బయోస్‌లో కొత్త డిస్క్ కనబడుతున్నదో లేదో చూసి ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాలి. ఫైళ్లన్నీ తెరుచుకొనేవరకు పాత డిస్క్‌ను పారవేయరాదు.

కొత్త డిస్క్ కూడా ఒకనాటికి పాతబడేదే. ముఖ్యమైన వ్రాతకు వేరొక చోట మరొక ప్రతి ఉంచుకొన్న విద్యార్థికి, డిస్క్ చెడిన రోజున పోయేది కొంత ధనమే గాని చేసిన శ్రమ కాదు.