రాముడు నతడే, రావణుడు నతడే

అనంతపురపు మెట్టసీమలో వాన అరుదు. గోరంట్ల, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల రైతులు వేరుసెనగ విత్తి మబ్బువంక చూచుచు దినములు గడుపుదురు. ఇట్టి పల్లెలలో పూర్వము కోతలు ముగిసిన పిదప ఊరి నడుమ తెల్లని తెర కట్టి, దాని వెనుక దీపములు వెలిగించి, తెల్లవారువరకు తోలుబొమ్మలాట ఆడించుచుండిరి. వానలు వెనుదీసిన యేట విరాటపర్వము ఆడించుటయు కలదు.

తెరమీద కౌరవసేన, వానరసేన కనబడును. మరి తెర వెనుక నున్నవారెందరు? చాలవరకు ఒక్క కుటుంబమువారే. ఇంటి యిల్లాలు సీత విలపించునట్లు పలికి, మరుక్షణమున శూర్పణఖయై కేకలు వేయును. నడుమ తాళము వేయుట కూడ ఆమె పనియే. పెద్దవాడు రాముని మాట శాంతముగా పలికి, ఊపిరి తీసికొనకమునుపే రావణుని హుంకారము చేయవలెను. యుద్ధమైనచో కాలిక్రింది చెక్కపలకలను దబదబ త్రొక్కవలెను. ఇంతలో కేతిగాడు తెరమీదికి దుమికెనా, ఆ వెకిలి గొంతు వేరు! గొంతు మారిన క్షణముననే చేతిలోని బొమ్మయు కదలవలెను. రావణుని బొమ్మ ఆడుచుండగా రాముని గొంతు వినవచ్చినచో మొదట నవ్వువారు ముందువరుసలోని పిల్లలే.

దీనికి విపర్యయము కూడ ఆ యాటలోనే యున్నది. హనుమంతుని వంటి ముఖ్యపాత్రకు ఒక బొమ్మ చాలదు. కూర్చున్నప్పు డొకటి, పోరునప్పుడు వేరొకటి. బొమ్మలు మారినను గొంతు మారదు గనుక జనులు ఆతనిని గుర్తింతురు.

పద్యనాటకములలో ఈ పద్ధతి మనుష్యులకే వచ్చినది. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ నాటకము ఆడునపుడు పడకసీనులో ఒక కృష్ణుడు, రాయబారములో మరియొక కృష్ణుడు వచ్చుట పరిపాటి. హరిశ్చంద్రలో కాటిసీనుకు వేరొక నటుడు వచ్చును. ఒకే పాత్రలో ఇద్దరు ముగ్గురు పేరుగల గాయకులను వినవచ్చునని జనులు సంతోషించిరే కాని, కృష్ణుని ముఖము మారినదేమని అడిగినవారు లేరు. ఏ కృష్ణుడు పద్యము బాగుగా ఎత్తుకొనెనో యని మాత్రము మరునాడు రచ్చబండకడ వాదించుకొనెడివారు.

సినిమా ఇందుకు భిన్నము. అక్కడ ఒక్క నటుడే ఇద్దరైనట్లు కన్నులను నమ్మింపవలెను. 1964లో వచ్చిన ‘రాముడు భీముడు’ చిత్రమున నందమూరి తారక రామారావు పిరికివాడు, ధైర్యశాలియు నగు కవలలుగా నటించిరి. అట్టి దృశ్యములకు ఆనాడు కెమెరా ముందు సగభాగము మూసి ఒక వేషమును చిత్రించి, ఫిల్మును వెనుకకు త్రిప్పి, మూసిన సగము తెరచి రెండవ వేషమును చిత్రించెడివారు. కెమెరా వెంట్రుకవాసి కదలినను నడుమ గీత కనబడును. నటునికి ఇంకొక చిక్కు: ఎదుట ఎవరును లేకున్నను, ఉన్నట్లే భావించి ఆ శూన్యముతో మాటలాడవలెను. 1966లో వచ్చిన ‘నవరాత్రి’లో అక్కినేని నాగేశ్వరరావు తొమ్మిది పాత్రలు ధరించిరి. తమిళమున శివాజీ గణేశన్ ఆ పని 1964లోనే చేసియుండిరి. 1977 నాటి ‘దానవీరశూర కర్ణ’లో రామారావు కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు తామే యై, దర్శకత్వము కూడ వహించిరి. పగవాండ్రగు కృష్ణదుర్యోధనులకు ఒకే గొంతు! అయినను ఒకరి చిరునవ్వు, మరొకరి మీసముపై చేయి చూచిన ప్రేక్షకుడు ఇద్దరిని కలిపి చూడలేదు. ఈ రామారావే 1985లో గోరంట్లకు పొరుగుననున్న హిందూపురమునుండి శాసనసభకు ఎన్నికైరి.

టెలివిజను ధారావాహికలలో నటుడు నడుమ మానుకొన్నచో అదే పాత్రకు మరియొకరు వత్తురు. ప్రేక్షకులు రెండు దినములు గొణిగి ఊరకుందురు.

సినిమా, టెలివిజను పల్లెలకు వచ్చిన పిమ్మట రాత్రియంతయు మేలుకొని బొమ్మలాట చూచువారు తగ్గిరి. ధర్మవరమునకు చేరువనున్న నిమ్మలకుంటలో ఈ విద్య తెలిసిన కుటుంబములు నేటికిని కలవు. వారు ఇంట మరాఠీ మాటలాడి, తెరవెనుక తెలుగు పద్యము పాడుదురు. ఆ గ్రామపు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారము ప్రకటింపబడినది. పలువురు ఇప్పుడు అదే తోలుతో దీపపు తొడుగులు, గోడకు వ్రేలాడు చిత్రములు చేసి అమ్ముకొని జీవించుచున్నారు. తోలుమీద రాముని చిత్రించు చేతికి ఇంకను పని యున్నది. రాముడై, రావణుడై, కేతిగాడై పలుకు గొంతుకు పిలుపు ఎప్పుడో కాని రాదు.